కంచరగాడిదలు తోలిన కుర్రవాడు గెలాక్సీల వేగం కొలిచాడు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో మౌంట్ విల్సన్ అనే కొండ ఉంది. దాని ఎత్తు సుమారు 5,700 అడుగులు. ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లో ఆ కొండపైకి కలప, ఇనుప సామాను, తిండి గింజలు కంచరగాడిదల వీపులమీద చేరేవి. పక్కన లోయ, ఇరుకైన కాలిబాట. ఆ బాటన గాడిదలను తోలుకుంటూ ఎక్కీ దిగీ పొట్టపోసుకున్న ఒక కుర్రవాడు, తర్వాతి కాలంలో అదే కొండమీద ప్రపంచంలోకెల్లా పెద్ద టెలిస్కోపు ముందు కూర్చున్నాడు. ఆకాశంలోని వందలాది గెలాక్సీలు ఎంతెంత వేగంతో మనకు దూరంగా సాగిపోతున్నాయో కొలిచి చూపించాడు. ఆయనే మిల్టన్ హ్యూమసన్. హైస్కూలు చదువు కూడా పూర్తి చేయని మనిషి.

విశ్వం నిలకడగా లేదనీ, అంతకంతకూ విస్తరిస్తున్నదనీ నేడు బడిపిల్లల పుస్తకాలలో కూడా ఉంది. ఆ సంగతి చెప్పేచోట ఎడ్విన్ హబుల్ పేరు తప్పక కనిపిస్తుంది. ఆ సిద్ధాంతానికి బలమిచ్చిన కొలతల కోసం చలి రాత్రుల్లో కళ్ళు కాయలు కాచేలా కూర్చున్న హ్యూమసన్ పేరు మాత్రం చాలా పుస్తకాలలో ఉండదు.

బడి మానిన బాలుడు

హ్యూమసన్ 1891 ఆగస్టు 19న మిన్నెసోటా రాష్ట్రంలోని డాడ్జ్ సెంటర్ అనే చిన్న ఊళ్ళో జన్మించారు. ఆయన చిన్నతనంలోనే కుటుంబం పశ్చిమ తీరానికి తరలివెళ్ళింది. 14 ఏళ్ళ వయసులో వేసవి శిబిరం కోసం మౌంట్ విల్సన్ కొండమీద కొన్నాళ్ళు గడిపే అవకాశం వచ్చింది. ఆ కొండ గాలి, ఆ చెట్లు, ఆ ఏకాంతం కుర్రవాడి మనసును పట్టేశాయి. ఒక్క ఏడాది బడి మానేసి కొండమీద ఉంటానని తల్లిదండ్రులను ఒప్పించారు. ఏడాది గడిచింది. మరో ఏడాది వచ్చింది. ఆయన మళ్ళీ బడి గడప తొక్కలేదు.

కొండమీద యాత్రికుల కోసం ఒక హోటలు ఉండేది. అందులో చిల్లర పనులు చేశారు. ఆ తర్వాత కంచరగాడిదల వెంట నడిచే పని దొరికింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కొండమీద ఒక పెద్ద పని మొదలైంది. జార్జి ఎల్లరీ హేల్ అనే శాస్త్రవేత్త 1904లో కార్నెగీ సంస్థ ధనసహాయంతో అక్కడ వేధశాలను స్థాపించారు. వేధశాల అంటే గ్రహాలను, నక్షత్రాలను టెలిస్కోపులతో పరిశీలించే కేంద్రం. 1908 నాటికి 60 అంగుళాల అద్దం గల టెలిస్కోపు పని ప్రారంభించింది. భవనాలకు, మనుషులకు కావలసిన సామగ్రి కొండ కింది నుంచి రావాలి. ఆ మోతలో హ్యూమసన్ భాగస్వామి. టెలిస్కోపులో ఏం కనిపిస్తుందో ఆయనకు అప్పటికి తెలియదు. బరువు ఎటు ఒరుగుతుందో, ఏ గాడిద ఎక్కడ మొరాయిస్తుందో మాత్రం బాగా తెలుసు.

వేధశాలలో పనిచేసే ఇంజనీరు కుమార్తె హెలెన్ డౌడ్‌ను 1911లో ఆయన వివాహమాడారు. పెళ్ళయ్యాక గాడిదల పని మానుకుని కొండ దిగి తోటల్లో పనికి కుదిరారు. ఒక కొడుకు పుట్టాడు. సంసారం సాగిపోతున్నా మనసు మాత్రం కొండమీదే ఉండిపోయింది.

చీపురు పట్టిన చోటే

1917లో మామగారి ద్వారా ఒక కబురు వచ్చింది. వేధశాలలో గదులు ఊడ్చి శుభ్రం చేసే ఉద్యోగం ఖాళీ అవుతున్నదన్నది ఆ కబురు. 26 ఏళ్ళ హ్యూమసన్ వెంటనే ఒప్పుకుని కొండెక్కారు. అదే ఏడాది అక్కడ 100 అంగుళాల కొత్త టెలిస్కోపు కూడా సిద్ధమైంది. దాని అద్దం ఒక్కటే సుమారు 4 టన్నుల బరువు. ఆ తర్వాత మూడు దశాబ్దాల పాటు ప్రపంచంలో దానికి మించిన టెలిస్కోపు లేదు.

ఊడ్చే పనితో పాటు రాత్రిపూట శాస్త్రవేత్తలకు సాయంగా ఉండే పని కూడా ఆయనకు అప్పగించారు. గోపురం తలుపు తెరవడం, టెలిస్కోపును చెప్పిన దిక్కుకు తిప్పడం, ఫొటో పలకలు అందించడం ఆ పనులు. అప్పట్లో ఆకాశాన్ని ఫొటో తీయడానికి ఫిల్ము వాడేవారు కాదు. మందు పూసిన గాజు పలకలు వాడేవారు. పలకను గంటల తరబడి టెలిస్కోపు దగ్గర ఉంచితే తప్ప మసక నక్షత్రాల వెలుగు దానిమీద పడేది కాదు.

ఈ పనిలో హ్యూమసన్ చెయ్యి తిరిగింది. చూసింది చూసినట్లు నేర్చుకున్నారు. సెత్ నికల్సన్ అనే శాస్త్రవేత్త ఆయనకు గణితం నేర్పారు. పెద్ద చదువులు చదివిన వారు తీసిన పలకల కంటే హ్యూమసన్ తీసిన పలకలు శుభ్రంగా, స్పష్టంగా ఉంటున్నాయని కొద్దికాలంలోనే అందరూ గ్రహించారు. హార్లో షాప్లీ అనే ఖగోళ శాస్త్రవేత్త ఆయన నేర్పును హేల్ దృష్టికి తెచ్చారు.

అప్పుడు హేల్ తీసుకున్న నిర్ణయం పలువురిని ఆశ్చర్యపరిచింది. హ్యూమసన్‌ను శాస్త్రవేత్తల సిబ్బందిలో చేర్చుకున్నారు. డిగ్రీ లేదు, హైస్కూలు సర్టిఫికెట్ కూడా లేదు, పైగా వేధశాల ఉద్యోగికి అల్లుడు. ఇలాంటి వ్యక్తిని ఎలా తీసుకుంటారన్న ఆక్షేపణలు వచ్చాయి. హేల్ వాటిని పట్టించుకోలేదు. పని తెలిసినవాడా కాదా అన్నది ఒక్కటే చూశారు. 1920 దశకం ఆరంభంలో జరిగిన ఈ నియామకమే లేకపోతే హ్యూమసన్ జీవితమంతా ఇతరులకు పలకలు అందించడంతోనే గడిచిపోయేది.

చేజారిన రెండు అవకాశాలు

ఆయన జీవితంలో అదృష్టం తలుపు తట్టి వెనుదిరిగిన సందర్భాలు రెండున్నాయి.

మొదటిది 1919 నాటిది. నెప్ట్యూన్‌కు ఆవల మరో గ్రహం ఉండవచ్చని విలియం పికరింగ్ అనే శాస్త్రవేత్త లెక్క కట్టారు. ఆయన సూచన మేరకు ఆకాశంలో ఆ భాగాన్ని ఫొటోలు తీసే పని హ్యూమసన్‌కు వచ్చింది. పలకలు తీశారు, వెదికారు, ఏమీ కనిపించలేదు. 1930లో క్లైడ్ టాంబో అనే రైతుబిడ్డ మరో వేధశాలలో ప్లూటోను కనుగొన్నాడు. అప్పుడు పాత పలకలు తిరిగి చూస్తే, 1919లో హ్యూమసన్ తీసిన వాటిమీద ప్లూటో చుక్క ఉండనే ఉంది. ఒక పలకమీద ఆ చుక్క సరిగ్గా మందుపూతలోని లోపం మీద పడి కప్పబడిపోయిందంటారు.

రెండోది షాప్లీతో ముడిపడిన కథనం. ఆండ్రోమెడా అనే మసక మేఘం వంటి దానిని ఫొటో తీసినప్పుడు, అందులో వెలుగు హెచ్చుతూ తగ్గుతూ ఉండే నక్షత్రాలు ఉన్నట్లు హ్యూమసన్‌కు తోచింది. పలకమీద వాటి పక్కన సిరాతో గుర్తులు పెట్టి షాప్లీకి చూపించారు. అలాంటి మేఘాలన్నీ మన పాలపుంతలోనివేనని షాప్లీ గట్టి నమ్మకం. అవి ఆ నక్షత్రాలు కావని వివరించి, జేబురుమాలుతో ఆ గుర్తులను తుడిచివేశారని చెబుతారు. హ్యూమసన్ మారు మాట్లాడలేదు. చదువుకున్న పెద్దమనిషి చెప్పినదాన్ని కాదనే ధైర్యం అప్పటికి ఆయనకు లేదు.

1923 అక్టోబరులో ఎడ్విన్ హబుల్ అదే ఆండ్రోమెడాలో అటువంటి నక్షత్రాన్నే పట్టుకున్నారు. దాని ఆధారంగా ఆండ్రోమెడా పాలపుంతకు ఎంతో దూరంలో ఉన్న వేరొక గెలాక్సీ అని నిరూపించారు. గెలాక్సీ అంటే కోటానుకోట్ల నక్షత్రాల గుంపు. పాలపుంతే సర్వస్వం అనుకున్న మనిషికి, అది అనేకానేక గెలాక్సీలలో ఒకటి మాత్రమేనని అప్పుడు తెలిసివచ్చింది.

రైలు కూత చెప్పే రహస్యం

హబుల్, హ్యూమసన్ ఇద్దరూ ఏ విధంగానూ ఒకరికొకరు పోలిక లేనివారు. హబుల్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివి వచ్చినవారు, సైన్యంలో మేజరుగా పనిచేసినవారు, దొర తీరు మనిషి. హ్యూమసన్ కొండమీది పనివారందరితో కలిసిమెలిసి తిరిగే సాదాసీదా మనిషి. అయినా ఆకాశం వారిద్దరినీ ఒకచోట చేర్చింది.

ఆ పని స్వభావం తెలియాలంటే రైలు కూతను గుర్తు చేసుకోవాలి. రైలు మనవైపు వస్తున్నప్పుడు కూత సన్నగా, హెచ్చుగా వినిపిస్తుంది. మనల్ని దాటి పోయేటప్పుడు అదే కూత బొంగురుపోతుంది. వెలుగు కూడా ఇంచుమించు అంతే. వెలుగును గాజు పట్టకం గుండా పంపితే ఇంద్రధనుస్సులా రంగులుగా విడిపోతుంది. అందులో అక్కడక్కడ సన్నని నల్లని గీతలుంటాయి. మన సున్నంలో ఉండే కాల్షియం వంటి మూలకాలు ఆ గీతలకు కారణం. వెలుగు వచ్చే వస్తువు మనకు దూరంగా పోతుంటే ఆ గీతలు తమ స్థానం తప్పి ఎరుపు రంగు వైపు జరుగుతాయి. ఎంత జరిగాయో కొలిస్తే వేగం తెలుస్తుంది.

ఈ పద్ధతిలో గెలాక్సీల వేగాన్ని మొదట కొలిచినవారు వెస్టో స్లైఫర్. లోవెల్ వేధశాలలో 24 అంగుళాల చిన్న టెలిస్కోపుతో 1912లోనే ఆయన ఈ పని ఆరంభించారు. చాలా గెలాక్సీలు దూరంగా పోతున్నాయని గమనించారు. అయితే మరీ మసకగా ఉన్నవి ఆ టెలిస్కోపుకు అందలేదు. బెల్జియం దేశస్థుడైన జార్జి లెమైత్ర్ 1927లో, విశ్వమే విస్తరిస్తూ ఉంటే ఇలా జరుగుతుందని లెక్కలు కట్టి ప్రచురించారు. దూరం పెరిగే కొద్దీ వేగం కూడా పెరుగుతుందా? అది తేల్చాలంటే ఎంతో దూరాన ఉన్న మసక గెలాక్సీల గీతలు కావాలి. 1928లో హబుల్ ఈ బాధ్యతను హ్యూమసన్‌కు అప్పగించారు.

45 గంటల ఫొటో

హ్యూమసన్ ఎంచుకున్న తొలి గెలాక్సీలలో ఒకదాని పేరు ఎన్‌జిసి 7619. దాని వెలుగును పలకమీద పట్టడానికి ఒకసారి 33 గంటలు, మరోసారి 45 గంటలు పట్టింది. రాత్రికి కొన్ని గంటలే చీకటి. కాబట్టి తెల్లవారగానే పలకను వెలుగు సోకకుండా మూసిపెట్టి, మర్నాటి రాత్రి మళ్ళీ అక్కడినుంచే కొనసాగించాలి. ఇలా రాత్రి మీద రాత్రి.

గోపురంలో చలిమంట వేసుకునే వీలు లేదు. వేడి గాలి కదిలితే టెలిస్కోపులో బొమ్మ చెదిరిపోతుంది. బయట ఎంత చలి ఉంటే లోపలా అంతే. భూమి తిరుగుతున్నది కనుక ఆకాశం జరిగిపోతూ ఉంటుంది. టెలిస్కోపు దానితో పాటు జరిగే ఏర్పాటు ఉన్నా, చిన్న చిన్న తేడాలను మనిషే సరిచేయాలి. కన్ను అద్దానికి ఆనించి, ఆ మసక వెలుగు సన్నని చీలిక మీది నుంచి పక్కకు పోకుండా చేత్తో దిద్దుతూ కూర్చోవాలి. చివరికి పలకను మందునీళ్ళలో కడిగేటప్పుడు చిన్న పొరపాటు జరిగినా అన్ని రాత్రుల శ్రమా నీళ్ళపాలే. ఇంతా చేస్తే పలకమీద పడే గుర్తు అగ్గిపుల్ల పొడవు కూడా ఉండదు.

ఆ గుర్తును కొలిస్తే ఎన్‌జిసి 7619 సెకనుకు 3,779 కిలోమీటర్ల వేగంతో దూరమవుతున్నట్లు తేలింది. అంతకుముందు తెలిసిన అత్యధిక వేగానికి ఇది రెట్టింపు పైచిలుకు. 1929లో హ్యూమసన్ ఆ ఫలితాన్ని తన పేరుతో చిన్న వ్యాసంగా ప్రచురించారు. అప్పుడే వెలువడిన హబుల్ వ్యాసం, దూరం పెరిగిన కొద్దీ వేగం పెరుగుతుందన్న సూత్రాన్ని లోకానికి చెప్పింది. హబుల్ వాడిన వేగాలలో చాలా భాగం స్లైఫర్ కొలిచినవి. అంతకంటే దూరాలలో కూడా ఆ సూత్రం నిలుస్తుందనడానికి తొలి సాక్ష్యం మాత్రం హ్యూమసన్ పలక.

ఇంత శ్రమ తర్వాత ఆయన ఈ పనికి ఇక దండం పెట్టేయాలనుకున్నారు. హేల్ ప్రోత్సహించి, మెరుగైన పరికరాలు ఇప్పిస్తామని మాట ఇచ్చారు. త్వరలోనే వెలుగును వేగంగా పట్టే కొత్త కటకం వచ్చింది. పని ఊపందుకుంది. 1931లో హబుల్, హ్యూమసన్ ఇద్దరి పేర్లతో వెలువడిన వ్యాసంలో సెకనుకు సుమారు 20 వేల కిలోమీటర్ల వేగాలు చోటుచేసుకున్నాయి. 1936 నాటికి అవి 40 వేలు దాటాయి. అంటే వెలుగు వేగంలో దాదాపు ఏడో వంతు. 100 అంగుళాల టెలిస్కోపుకు అదే హద్దు.

1931 ఆరంభంలో ఐన్‌స్టీన్ మౌంట్ విల్సన్‌ను సందర్శించారు. విశ్వం కదలకుండా నిలిచి ఉండటానికి తన సమీకరణాలలో చేర్చిన ఒక అంకెను ఆయన ఆ ఏడాదే వదులుకున్నారు. ఆ సందర్శన సమయంలో పేరుమోసిన శాస్త్రవేత్తలతో కలిసి తీసిన ఫొటోలో, ఐన్‌స్టీన్ ఉన్న వరుసలోనే ఒకనాటి గాడిదల కాపరి హ్యూమసన్ కూడా నిలబడి ఉన్నారు.

పాలోమార్ కొండమీద

1948లో కాలిఫోర్నియాలోనే పాలోమార్ కొండమీద 200 అంగుళాల టెలిస్కోపు ప్రారంభమైంది. అప్పటికి హ్యూమసన్ వయసు 57 దగ్గర పడుతోంది. అయినా కొత్త టెలిస్కోపుతో మసక గెలాక్సీల వేట కొనసాగించారు. హైడ్రా అనే దిక్కున ఉన్న గెలాక్సీల గుంపు సెకనుకు సుమారు 61 వేల కిలోమీటర్ల వేగంతో పోతున్నట్లు కొలిచారు. వెలుగు వేగంలో అది ఐదో వంతు.

అదే 1948లో మౌంట్ విల్సన్, పాలోమార్ వేధశాలలకు ఆయన కార్యదర్శి అయ్యారు. 1957 వరకు ఆ బాధ్యతల్లో ఉన్నారు. ఆయన కార్యదర్శిగా ఉన్న కాలంలోనే, హైదరాబాదులో పెరిగి నిజాం కళాశాలలో చదివిన వైను బప్పు కార్నెగీ ఫెలోషిప్ మీద ఆ వేధశాలలకు వెళ్ళి పరిశోధన చేశారు. బప్పు తండ్రి హైదరాబాదు నిజామియా నక్షత్రశాలలో పనిచేసినవారు.

1950లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం హ్యూమసన్‌కు గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది. హైస్కూలు దాటని వ్యక్తి డాక్టరు హ్యూమసన్ అయ్యారు.

1953లో హబుల్ కన్నుమూశారు. మిగిలిన పనిని హ్యూమసన్, నికొలస్ మేయాల్, అలన్ శాండేజ్ కలిసి పూర్తిచేశారు. 1956లో వెలువడిన వారి పట్టికలో మౌంట్ విల్సన్, పాలోమార్‌లలో హ్యూమసన్ ఇరవై ఏళ్ళకు పైగా కూడబెట్టిన 620 గెలాక్సీల కొలతలున్నాయి. లిక్ వేధశాలలో మేయాల్ తీసినవి మరో 300 ఉన్నాయి. విశ్వాన్ని అధ్యయనం చేసేవారికి చాలా ఏళ్ళపాటు ఆ పట్టికే ఆధారమైంది.

దూరాలు మారాయి, వేగాలు నిలిచాయి

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. గెలాక్సీల దూరాలకు హబుల్ కట్టిన లెక్కలు తర్వాత మారిపోయాయి. ఆండ్రోమెడా 9 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉందని ఆయన చెప్పారు. నేటి లెక్క సుమారు 25 లక్షలు. ఆయన లెక్కల ప్రకారం చూస్తే విశ్వం వయసు 200 కోట్ల ఏళ్ళు మాత్రమే అని వచ్చేది. భూమి వయసే అంతకు మించి ఉన్నదని తేలడంతో శాస్త్రవేత్తలు చిక్కులో పడ్డారు. 1952లో వాల్టర్ బాడే దూరాల కొలబద్దలో ఉన్న పొరపాటును ఎత్తిచూపారు. ఆ తర్వాత మరికొన్ని సవరణలు జరిగాయి. నేడు విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల ఏళ్ళని అంచనా.

కొలబద్ద ఇన్నిసార్లు మారినా హ్యూమసన్ కొలిచిన వేగాలను కొట్టివేయవలసిన అవసరం రాలేదు. దూరాల లెక్క సరిచేసుకున్న వారందరూ ఆయన వేగాల మీద ఆధారపడే ముందుకు సాగారు. సిద్ధాంతం చెప్పడం ఆయన పని కాదు. విశ్వం ఎందుకు విస్తరిస్తున్నదన్న చర్చలో ఆయన తలదూర్చలేదు. తాను తీసిన గీత ఎక్కడ ఉందో సరిగా చెప్పడమే తన పని అనుకున్నారు. ఆ పనిలో ఎక్కడా రాజీపడలేదు.

పేరు ఎవరిది?

1957లో హ్యూమసన్ పదవీ విరమణ చేశారు. చేపలు పట్టడం ఆయనకు ఇష్టమైన కాలక్షేపం. 1961లో పాలోమార్‌లో ఆయన ఒక తోకచుక్కను కనుగొన్నారు. సూర్యునికి ఎంతో దూరాన ఉండగానే విపరీతంగా వెలిగిన ఆ తోకచుక్కకు ఆయన పేరే పెట్టారు. ఒకసారి వచ్చి వెళితే మళ్ళీ రావడానికి దానికి వేల సంవత్సరాలు పడుతుంది. 1972 జూన్ 18న కాలిఫోర్నియాలోని మెండొసీనోలో, 80 ఏళ్ళ వయసులో ఆయన మరణించారు. చంద్రునిపై ఒక చిన్న బిలానికి, ఆకాశంలో తిరిగే ఒక గ్రహశకలానికి ఆయన పేరు ఉంది.

గెలాక్సీల వేగానికీ దూరానికీ ఉన్న సంబంధాన్ని చాలా కాలం హబుల్ సూత్రం అని పిలిచారు. ముందే లెక్క కట్టిన లెమైత్ర్‌కు అన్యాయం జరిగిందన్న అభిప్రాయం బలపడటంతో, 2018లో అంతర్జాతీయ ఖగోళ సంఘం దానిని హబుల్-లెమైత్ర్ సూత్రం అని పిలవాలని సిఫారసు చేసింది. 1990లో అంతరిక్షంలోకి పంపిన టెలిస్కోపు కూడా హబుల్ పేరునే మోస్తున్నది. ఈ పేర్లలో ఎక్కడా హ్యూమసన్ లేరు.

ఆయన తన జీవితకాలంలో ఈ విషయమై తగువుపడిన మనిషి కాదు. గుడి కట్టించిన రాజు పేరు శాసనంలో ఉంటుంది, రాయి చెక్కిన శిల్పి పేరు చాలాచోట్ల ఉండదు. అయినా గుడి నిలబడింది ఆ రాయి మీదనే. బడి మానిన కుర్రవాడికి చీపురుతో పాటు టెలిస్కోపు కూడా అందించిన ఒక పెద్దమనిషి ఉన్నాడు కనుకనే ఆ రాయి చెక్కడం సాధ్యమైంది. అటువంటి చేతులకు పని ఇచ్చేవారు లేకపోతే, 1919 నాటి పలకమీది ప్లూటోలాగా, ఉన్నది కూడా ఎవరి కంటా పడకుండానే పోతుంది.